బాయిల దిగిన పేరు

పర్శరాములు చదివే చదువులో ఒక మెలిక ఉంది. మొదటి రెండేళ్లు హైదరాబాద్‌లో బెంచీ మీద కూచుని చదవాలి. మూడో ఏడు ఏదైనా బ్యాంకులో పని చేస్తూ నేర్చుకోవాలి. ఆ ఏడాది చివర బ్యాంకు ఏజెంటు, అంటే ఇప్పటి మేనేజరు, "ఈ విద్యార్థి పని వచ్చినవాడు, నమ్మదగినవాడు" అని ఒక కాగితం రాసి సంతకం పెడితేనే డిప్లొమా చేతికొస్తుంది. పెట్టకపోతే మూడో ఏడు మళ్లీ మొదలు. చేపపిల్లకు ఈత నేర్పనక్కర్లేదంటారు గానీ, మగ్గం గుంట పక్కన పుట్టినవాడికి బ్యాంకులో కుర్చీ ఎట్లా లాక్కోవాలో కూడా నేర్పాల్సిందే.

సిరిసిల్లలో అతని బాపు సారయ్య పొద్దుగూకేదాకా గుంటలో కాళ్లు పెట్టుకుని మగ్గం నేసేవాడు. అవ్వ కండెలు చుట్టేది. మూడో ఏటికి కొడుకును బస్సెక్కించేటప్పుడు సారయ్య పెద్ద నీతులేం చెప్పలేదు.

"నా కాళ్లు ఎట్లనో గుంటల్నే పాయె. నీ కాళ్లు కుర్చి కింద ఉండాలె. గా కాగితం తెచ్చుకో, గంతే" అన్నాడు.

మోకాళ్లు మాట వినడం లేదు కాబట్టి, వచ్చే ఏడు దసరాకు మగ్గం దిగిపోతానని కూడా అన్నాడు. అంటే నలుగురున్న ఇల్లు ఒక్క సంతకం మీద ఆనుకుని ఉందన్నమాట.

అరవై మూడు జులైలో కాలేజీవాళ్లు పర్శరాములును బెల్లంపల్లికి వేశారు. తోటివాళ్లకు సికింద్రాబాద్ వచ్చింది, నిజామాబాద్ వచ్చింది. ఇతనికి బొగ్గు వచ్చింది. పొద్దున ఉతికిన తెల్లంగీ మధ్యాహ్నానికి బూడిదరంగుకు తిరిగేది. నెలకు నలభై రూపాయల భత్యంలో అయిదు రూపాయలు సబ్బుకే పోతున్నాయని మొదటి ఉత్తరంలో ఇంటికి రాశాడు. అది చదివి వినిపించినవాడు నవ్వాడు గానీ సారయ్య నవ్వలేదట.

ఆ బ్యాంకు పేరెందుకు, ఇప్పుడది లేదు, పెద్దదాన్లో ఎప్పుడో కలిసిపోయింది. బజారులో ఒక ధాన్యం షావుకారు ఇంటి ముందు గది, ఒక ఇనప్పెట్టె, ఒక గోడ గడియారం, మూడు బల్లలు. ఏజెంటు కైలాసంగారిది కరీంనగర్. నిజాం కాలంలో ఉర్దూలో చదువుకున్న మనిషి. ఉర్దూ, ఇంగ్లీషు గబగబా రాసేవాడు. తెలుగు దగ్గరికొస్తే కళ్లద్దాలు పైకి తోసి అక్షరం అక్షరం కూడబలుక్కునేవాడు. అందుకని తెలుగు కాగితాలన్నీ వచ్చిన వారంలోనే పర్శరాములు నెత్తిన పడ్డాయి.

మొదటి రోజే కైలాసంగారు ఒక పాఠం చెప్పాడు. ఏడాది మొత్తానికి చెప్పిన పాఠం అదొక్కటే.

"బ్యాంకుల, కండ్లతోని చూసిందే రాయాలె. అనుకున్నది రాయొద్దు, ఇన్నది రాయొద్దు. నీ సంతకం అంటే నీ నాలుక అన్నట్టు. సమజ్ అయిందా?"

"అయింది సార్" అన్నాడు పర్శరాములు. మొదటి రోజు ఎవరికైనా అన్నీ సమజ్ అవుతాయి.

నెల జీతాలు ఇచ్చే రోజున బ్యాంకు బల్ల ఒకటి బాయి గేటు ముందుకు పోయేది. బొగ్గుబాయిలో పొద్దుటి షిఫ్టు దిగినవాళ్లు మధ్యాహ్నం పైకొచ్చి, జీతం తీసుకుని, గేటు దాటి వంద అడుగులు వేస్తే సారా దుకాణం. ఆ వంద అడుగుల మధ్య బ్యాంకు బల్ల వేయాలన్నది కైలాసంగారి ఉపాయం. పర్శరాములు బల్ల వెనక కూచునేవాడు. బ్యాంకు అటెండరు రాయమల్లు గొడుగు పట్టుకుని నిలబడేవాడు. రాయమల్లు వయసులో ఉన్నప్పుడు బాయిలో దిగినవాడే. అక్కడ అతనికి తెలియని మనిషి లేడు, చెప్పలేని ముచ్చట లేదు.

ఖాతాలు మగవాళ్ల పేరిటే గానీ, బల్ల ముందుకు మొగుణ్ణి రెక్క పట్టి తెచ్చేది ఆడవాళ్లే. అక్కడొక చిక్కు వచ్చేది. "మీ ఆయన పేరేంది?" అని అడగ్గానే కొంగు నోటికి అడ్డం పోయేది. మొగుడి పేరు నోటితో చెబితే అతని ఆయుష్షు తగ్గుతుందని వాళ్ల నమ్మకం. అడిగిన వాడి వైపు కూడా చూసేవాళ్లు కాదు. మొదటి నెల పర్శరాములు చెమటలు కక్కాడు. రెండో నెలకు ఆ ఆడవాళ్లే దారి చూపించారు. లైనులో ముందున్నామె మొగుడి పేరు వెనకున్నామె చెప్పేది, వెనకున్నామె మొగుడి పేరు ముందున్నామె చెప్పేది. పని ఎక్కడా ఆగేది కాదు.

ఆగస్టు జీతాల రోజు కైలాసంగారు యాభై కొత్త ఖాతాలు తెమ్మన్నాడు. సాయంత్రం నాలుగింటికి నలభై తొమ్మిదయ్యాయి. లైను కరిగిపోయింది. రాయమల్లు గొడుగు మడవబోతుంటే చంద్రవ్వ వచ్చింది. మోదుగాకుల కట్ట చంకలో ఉంది. ఇంటి దగ్గర విస్తళ్లు కుట్టి అమ్ముతుంది, నలుగురు పెళ్లికాని కార్మికులకు అన్నం డబ్బాలు కట్టిస్తుంది. ఒక ముంతలో దాచుకున్న వంద రూపాయలు బల్ల మీద బోర్లించింది. అన్నీ చిల్లర నోట్లు.

"పేరు?" అన్నాడు పర్శరాములు.

చంద్రవ్వ పక్కింటి రాజక్క వైపు చూసింది. రాజక్క ఠక్కున "ఇస్తారి" అంది.

పర్శరాములు రాయబోయి చంద్రవ్వ ఇచ్చిన జీతం చీటీ చూశాడు. చీటీ మీద నాగయ్య అని ఉంది. "గీ చీటిల నాగయ్య అనున్నదేంది?" అని అడిగాడు. రాజక్క నాలుక కరుచుకుంది. అప్పుడే గేటు దాటి ఒక పొడుగాటి మనిషి వచ్చాడు. మొహం కడుక్కున్నాడు గానీ కనురెప్పల్లో బొగ్గు అట్లాగే ఉంది. వంగి మెల్లగా చెప్పాడు.

"కాగితం మీదున్నదే రాయి బిడ్డా. గది బాయి పేరు. గిది ఇంటికాడి పేరు. రెండూ నేనే."

ఫారం అడుగున ఒక వాక్యం అచ్చువేసి ఉంటుంది. "పై వ్యక్తిని నేను ఎరుగుదును, పై పేరు నిజమని సాక్ష్యమిస్తున్నాను." దాని కింద సంతకం పెట్టాల్సింది పర్శరాములు. అతని కలం ఆగింది. రాయమల్లు గొడుగు కిందికి వంగి, "రాయి సారూ, కందకు లేని దురద కత్తిపీటకెందుకు? బాయిల సగం మంది గిట్లనే" అన్నాడు.

నిజం చెప్పాలంటే అతన్ని ఒప్పించింది రాయమల్లు మాట కాదు. నలభై తొమ్మిది పక్కన యాభై కావాలన్న ఆశ. నాగయ్య అని రాసి, కింద చక్కగా సంతకం పెట్టాడు. ఇస్తారి బొటనవేలు వేశాడు.

బ్యాంకుకు తిరిగొచ్చే దారిలో రాయమల్లు ఆ కథంతా విప్పాడు. పదకొండేళ్ల కింద ఖానాపూర్ దిక్కు నుంచి నాగయ్య అనేవాడు బాయి పనికి పేరు రాయించుకున్నాడు. ఒక్క వారం దిగాడు. తలమీద అంత భూమి ఉంటే తనకు నిద్ర పట్టడం లేదని చెప్పి, కంపెనీ ఇచ్చిన నంబరు బిళ్ల అక్కడే పడేసి ఊరికి పారిపోయాడు. అప్పుడు పనికోసం గేటు దగ్గర తిరుగుతున్న ఇస్తారి ఆ బిళ్ల మెడలో వేసుకుని దిగిపోయాడు. ఆ రోజు నుంచి భూమి కింద నాగయ్య, భూమి పైన ఇస్తారి.

"బయట పడితే?" అన్నాడు పర్శరాములు.

"పని పోతది. గందుకే ఎవ్వడు బయట పెట్టడు" అన్నాడు రాయమల్లు.

పర్శరాములు కూడా బయట పెట్టలేదు. ఒక మనిషి అన్నంలో మన్ను పోసి తన సంతకం కడుక్కోవడం అతనికి ఇష్టం లేకపోయింది. అది మంచితనమే. అయితే మంచితనం కూడా ఒక్కోసారి మనకు వీలైన చోటే కూచుంటుంది.

తర్వాత ప్రతి నెలా మొగుడూ పెళ్లాం బల్ల దగ్గరికి వచ్చేవాళ్లు. "నాగయ్యా" అని పిలిస్తే ఇస్తారి వెంటనే "ఆ" అని పలికేవాడు. చంద్రవ్వ మాత్రం ఇంకెవరినో పిలిచినట్టు అటూ ఇటూ చూసేది. ముప్పై, నలభై, ఒక నెల యాభై రూపాయలు ఖాతాలో వేసేవాళ్లు. అది చూసి ఇస్తారి "నా చెమట బ్యాంకుల, నా కండ్లు సారా దుకాణం మీద" అని నవ్వించేవాడు. బజారులో ఒక రేకుల గది తీసుకుని అన్నం హోటలు పెట్టాలన్నది చంద్రవ్వ ఆలోచన. ఇస్తారికి నలభై దాటాయి, ఇంకెన్నేళ్లు దిగుతాడు అనేది.

ఏప్రిల్‌లో ఇస్తారికి కామెర్లు వచ్చాయి. పసరు పోశారు, దవాఖానకు తీసుకుపోయారు. పన్నెండో రోజు పోయాడు. చితి దగ్గర అందరూ ఇస్తారి అని ఏడ్చారు. కంపెనీ కాగితాల్లో పోయింది మాత్రం నాగయ్య. ఆఖరి జీతం చంద్రవ్వకు ఇచ్చేశారు, రాజక్క మొగుడు లచ్చయ్య సాక్షిగా వేలిముద్ర వేశాడు, ఎవరూ ఏమీ అడగలేదు. జూన్ నెలాఖరుకు క్వార్టరు ఖాళీ చేయాలన్నారు.

జూన్ నాలుగో వారం, సోమవారం నాడు చంద్రవ్వ బ్యాంకుకు వచ్చింది. పర్శరాములుకు అక్కడ ఇక ఆరు రోజులే మిగిలాయి. కైలాసంగారు అతని కాగితాన్ని ఇంగ్లీషులో టైపు చేయించి బల్ల మీద పెట్టుకున్నాడు. శనివారం సంతకం పెడతానన్నాడు.

చంద్రవ్వ పాసుపుస్తకం, చావు చీటీ ఇచ్చింది. పుస్తకంలో మూడువందల ఎనభై రూపాయలున్నాయి. రేకుల గదికి దాని షావుకారు మూడువందలు పగిడి, అంటే ముందస్తు పైకం, అడుగుతున్నాడు, నెలాఖరు దాటితే ఇంకొకరికి ఇస్తానన్నాడు. ఆ సంగతి ఆమె మొదటే చెప్పేసింది. కైలాసంగారు సానుభూతిగానే విన్నాడు. కలం తీశాడు.

"నీ మొగని పేరేందవ్వా?"

"నాగయ్య" అంది చంద్రవ్వ. ఉప్పు ధర చెప్పినట్టు చెప్పింది.

కైలాసంగారు తలెత్తాడు. "ఏమన్నవ్?"

"నాగయ్య, సారూ." ఆయనకు వినపడలేదేమోనని కొంచెం గట్టిగా కూడా చెప్పింది.

కైలాసంగారు కలానికి మూత పెట్టాడు. ఆమెను బయట అరుగు మీద కూచోమన్నాడు. ఆమె పోయాక పర్శరాములు వైపు తిరిగాడు.

"గీమె గాయన పెండ్లం గాదు."

"సార్?"

"నా ఇంటామెది ముప్పై ఏండ్ల కాపురం. మూడేండ్ల కింద జనాభా లెక్కలోడు ఇంటికొచ్చి పేరడిగితే, నా పేరు చెప్పనీకి పక్కింటామెను పిలిచింది. మా నర్మద సదువుకున్న మనిషి గూడ! గీమె చూడు. మొగడు సచ్చి రెండు నెలలు గాలే, పేరు గడగడ చెప్తుంది. గట్టిగ చెప్పు అంటే ఇంకింత గట్టిగ చెప్పేటట్టున్నది. ఏ ఆడిదన్న గట్ల చెప్తదా? ఎవరి పైసలకో వచ్చింది." ఫారం తీసి అతని ముందు పెట్టాడు. "గిది నింపింది నువ్వే. సంతకం నీదే. గీ ఆమె ఎరుకేనా నీకు?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే రోజు అందరికీ ఒకటి వస్తుంది. పర్శరాములు ఫారం వైపు చూశాడు, టైపు చేసిన కాగితం వైపు చూశాడు.

"ఆ రోజు లైను పెద్దగ ఉండె సార్. యాది లేదు" అన్నాడు.

"సరే. పెండ్లమే అని రుజువు తెమ్మను. లేకుంటే పైసల్ గీడనే ఉంటయ్."

రాయమల్లు అరుగు మీదికి పోయి ఆ మాట చెప్పి వచ్చాడు. చంద్రవ్వ ఏమందో అతను చెప్పలేదు. పర్శరాములు అడగనూ లేదు.

ఆ సాయంత్రం బ్యాంకు మూయగానే పర్శరాములు కార్మికుల లైన్ల వైపు పోయాడు. చంద్రవ్వ గడపలో కూచుని ఆకులు కుడుతోంది. రాజక్క పుల్లలు అందిస్తోంది. అతను నిలబడే చెప్పాడు.

"అక్కా, నువ్వు పేరు గట్ల చెప్పొద్దుండె. మొగని పేరు ఎవరన్న గట్ల చెప్తరా? సార్‌కు గాడనే అనుమానం వచ్చింది."

చంద్రవ్వ చేతిలో ఆకు ఆగిపోయింది. ఆమెకు అంతదాకా ఆ సంగతే తట్టలేదు. "అయ్యో, గది నా మొగని పేరు గాదు గదా బిడ్డా. గందుకే నోటికొచ్చింది" అంది.

"రేపు మళ్ల పోదాం. పేరు అడిగితే నువ్వు చెప్పకు. కొంగు అడ్డం పెట్టుకో, తల వంచుకో. రాజక్క చెప్తది నాగయ్య అని. సార్ నమ్ముతడు."

రాజక్కకు ఆ ఉపాయం నచ్చింది. "గదే గదా! జర సిగ్గుపడితే పాయె. పైసలస్తయి" అంది.

చంద్రవ్వ కుడుతున్న విస్తరి పక్కన పెట్టింది.

"నేను చెయ్య" అంది.

"ఎందుకే?"

"గా నాగయ్య ఎవడో నేను మొఖం సూడలే. గానికి నేను తల వంచాల్నా? గానికి కొంగు అడ్డం పెట్టుకోవాల్నా? గది మాయిన ఒక్కనికే చేసిన. ఇంకొకని పేరుకు చెయ్య."

"ఉత్త పేరే గదనే!"

"ఉత్త పేరే. పదకొండేండ్లు గా ఉత్త పేరు మీదనే దిగిండు, ఎక్కిండు. జీతం గా పేరుకే, దవాఖాన చీటి గా పేరుకే, సచ్చినట్టు కాగితం గా పేరుకే. మాయినకంటూ ఏం మిగిలింది? నా సిగ్గొక్కటి మిగిలింది. గది గూడ గానికే ఇయ్యాల్నా?" ఏడుపు దాచుకోలేదు, కొంగుతో తుడుచుకుని మళ్లీ ఆకు చేతిలోకి తీసుకుంది.

పర్శరాములు, "మరి అసలు పేరన్న సార్ ముందట చెప్తవా?" అన్నాడు.

"సావనన్న సస్త గని చెప్ప." తర్వాత అతని వైపు సూటిగా చూసింది. అంతకు ముందు ఎన్నడూ అట్లా చూడలేదు. "నువ్వు చెప్పు బిడ్డా. రాసింది నువ్వే గదా."

లైన్ల చివర కలిసిన రాయమల్లు అతని గది దాకా తోడొచ్చాడు. దారంతా అదే పాట. ఆరు దినాలు నోరు మూస్కో సారూ, కాగితం చేతిల పడంగనే బండెక్కు, ఆమెకు దేవుడున్నడు. పర్శరాములు కాదనలేదు. దేవుడు ఉన్నాడో లేడో గానీ, ఆ ఫారం మీద సంతకం దేవుడిది కాదు. బాపు మోకాళ్లు గుర్తొచ్చాయి. దసరాకు మగ్గం దిగుతానన్న మాట గుర్తొచ్చింది. భయం వేసింది, ఏడుపు కూడా వచ్చింది. అయినా చంద్రవ్వ చూసిన చూపు వాటికి అడ్డం వచ్చి నిలబడుతోంది.

మంగళవారం పొద్దున కైలాసంగారు ఇనప్పెట్టె తెరవకముందే అతను బల్ల ముందు నిలబడ్డాడు. అంతా చెప్పాడు. బిళ్ల, నాగయ్య, ఇస్తారి, యాభయ్యో ఖాతా, నిన్న చెప్పిన అబద్ధం, సాయంత్రం నేర్పబోయిన నాటకం. ఏదీ దాచలేదు. కైలాసంగారు వింటూనే ఇనప్పెట్టె తాళంచెవులు బల్ల మీద పెట్టాడు. చెప్పడం అయ్యాక రాయమల్లును పంపి చంద్రవ్వను పిలిపించాడు. రాజక్కా, లచ్చయ్యా కూడా వచ్చారు.

"నాగయ్య ఎవరవ్వా?" అన్నాడు కైలాసంగారు.

"ఎవడో సారూ. ఖానాపూర్ దిక్కు అట."

"నీ మొగని పేరు?"

చంద్రవ్వ తల దించుకుంది. రాజక్క నోరు తెరవబోయింది. కైలాసంగారు చెయ్యెత్తి ఆపాడు.

"నువ్వు చెప్పొద్దు. ఆమెనే చెప్పాలె. చెప్పవ్వా."

గడియారం టిక్కుటిక్కుమంటోంది. చంద్రవ్వ కొంగు మెల్లగా పైకి పోయి నోటికి అడ్డంగా నిలిచింది. మెడ దాకా ఎర్రబడింది. రెండు నెలల కింద మొగుడు పోయిన మనిషి, నలభైకి దగ్గర పడ్డ మనిషి, కొత్త కోడలిలా గోడ వైపు తిరిగింది.

"చెప్పకుంటే పైసలు రావు" అన్నాడు కైలాసంగారు.

ఆమె కొంగు కిందికి దించలేదు.

"మూడువందల ఎనబై రూపాయలు. నీ రేకుల గది పోతది. ఆఖరుసారి అడుగుతున్న."

చంద్రవ్వ బల్ల వైపు తిరిగి చేతులు జోడించి, "ఉంచుకోండ్రి సారూ. నేను పోయొస్త" అంది. గుమ్మం వైపు నడిచింది.

"ఆగు" అన్నాడు కైలాసంగారు. కలం మూత తీశాడు. "కూసో అవ్వా. గిది నమ్ముత."

లచ్చయ్యనూ, రాయమల్లునూ జామీను పెట్టించాడు. ఏదైనా తేడా వస్తే పైకం తాము కడతామని ఇద్దరూ కాగితం మీద ఒప్పుకున్నారు. రాయమల్లు గొణుక్కుంటూనే సంతకం పెట్టాడు. కంపెనీకి తాను ఏమీ రాయననీ, అది తన పని కాదనీ కైలాసంగారు చెప్పాడు. అప్పుడు టైపు చేసిన కాగితాన్ని చేతిలోకి తీసుకున్నాడు. పర్శరాములు దాన్నే చూస్తున్నాడు.

"ఆగస్టుల నువ్వు రాసింది పొరపాటు. ఎవరన్న చేస్తరు, నేనైనా చేస్తునేమో. నిన్న నా ముందట యాది లేదన్నవ్ చూడు, గది అబద్ధం. నమ్మదగినోడు అని నేనెట్ల రాయాలె?"



"నేను చూసిందే రాస్త. ఇంకో ఏడాది చెయ్యి. కాలేజికి నేను రాసుకుంట. నలబై రూపాయలు ఇప్పిస్త." కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సొరుగులో వేసి తాళం వేశాడు. కోపం లేదు, దయ కూడా ఏమంత కనపడలేదు.

ఏడాది. దసరాకు బాపు మగ్గం దిగలేడు. ఈ సంగతి ఉత్తరంలో ఎట్లా రాయాలా అని పర్శరాములు మనసులోనే రెండు వాక్యాలు రాసి కొట్టేశాడు. నిజం చెప్పినందుకు గుండె తేలికవుతుందని పుస్తకాల్లో చదివాడు. ఎక్కడా తేలిక కాలేదు, ఇంకా బరువెక్కింది. చెప్పకుండా ఉంటే బాగుండేదని కూడా అనిపించింది. అట్లా అనిపించినందుకు సిగ్గుపడ్డాడు.

"నిలబడ్డవేంది? రిజిస్టరు తియ్యి" అన్నాడు కైలాసంగారు. "తెలుగుల నువ్వే రాయాలె. గీసారి సరిగ రాయి. రాసినంక ఆమెకు చదివి ఇనిపియ్యి, అటెనుక వేలిముద్ర ఏయించు."

పర్శరాములు రిజిస్టరు తెరిచాడు. ఆగస్టు పేజీలో తన అక్షరాలే ముత్యాల్లా ఉన్నాయి. నాగయ్య అన్నదాన్ని కొట్టేయలేదు. దాని ముందు ఇంకో పేరు రాసి, మధ్యలో మారుపేరుకు కచేరి కాగితాల్లో రాసే మాట ఒకటి పెట్టాడు. కలం ఒకసారి విదిలించి, కిందిదాకా నింపాడు. చంద్రవ్వ బల్లకు దగ్గరగా జరిగింది. అతను చదివాడు.

"ఇస్తారి ఉరఫ్ నాగయ్య. బొగ్గుబాయి కార్మికుడు. కాలం చేసినాడు. వారసురాలు, భార్య చంద్రవ్వ. ముట్టిన పైకం మూడువందల ఎనబై రూపాయలు."

ఆమె వేలు సిరాలో ముంచలేదు. పేజీ వైపు చూస్తోంది, చదువు రాకపోయినా ఆ మొదటి అక్షరాల మీదే చూపు నిలిపింది.

"ఇంకోపారి సదువు బిడ్డా."

అతను మళ్లీ మొదలుపెట్టాడు. "ఇస్తారి ఉరఫ్ నాగయ్య, బొగ్గుబాయి..."

"అంత ఒద్దు" అంది చంద్రవ్వ. కొంగు నోటికి అడ్డంగానే ఉంది. "మొదటిదొక్కటే."

పర్శరాములు కైలాసంగారి వైపు చూశాడు. ఆయన కిటికీ బయటికి చూస్తున్నాడు.

"ఇస్తారి" అని చదివాడు.

చంద్రవ్వ తలాడించి, బొటనవేలు సిరాలో ముంచింది.